కొత్త పలక, కొత్త బలపం: డిజిటల్ బొమ్మలకు ట్యాబ్లెట్ ఎంచుకోవడం

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవారి చేతిలో ఉండేది ఒక వెదురు పుల్ల. దాని మొన చెక్కి, మొనకు కాస్త పైన ఉన్నిగానీ పాత గుడ్డగానీ చుట్టి దారంతో బిగిస్తారు. ఆ చుట్ట రంగును పీల్చుకుంటుంది. గీసేటప్పుడు వేళ్లతో నొక్కితే రంగు మొనకు దిగుతుంది. ఎంత నొక్కాలో, ఎక్కడ వదలాలో చెయ్యి ఏళ్ల తరబడి నేర్చుకుంటుంది. ఇవాళ ఎలక్ట్రానిక్స్ దుకాణంలో గాజు పలక పక్కన పెట్టి అమ్ముతున్న స్టైలస్ చేయాల్సిన పని కూడా అదే. వేళ్ల ఒత్తిడిని గీతలోకి దించాలి. అది చేతకాని పెన్నుకు ఎంత మంచి తెర తోడైనా ప్రయోజనం లేదు.

"ఏ ట్యాబ్ కొనమంటారు?" అని బొమ్మలు నేర్చుకుంటున్న పిల్లలూ వాళ్ల తల్లిదండ్రులూ అడుగుతుంటారు. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తూ ఈ పరికరాలతోనే రోజులు గడుపుతున్నవాణ్ణి కాబట్టి, ఆ ప్రశ్నకు ఒక మోడల్ పేరు చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం ఉండదు. ఇంట్లో పదివేలో యాభైవేలో కూడబెట్టి కొనే వస్తువు ఇది. నా అభిప్రాయం ముందే చెబుతాను: మొదట పెన్నును చూడాలి, తర్వాత సాఫ్ట్‌వేర్‌ను, ఆ తర్వాత తెరను. ప్రాసెసర్, కెమెరా, స్పీకర్ల సంగతి చివర్లో చూసుకోవచ్చు. అమ్మేవాళ్లు చెప్పే వరస దీనికి సరిగ్గా తలకిందులు.

అరవై ఏళ్ల నాటి రెండు దారులు

తెర మీద పెన్నుతో గీయడం కొత్త సంగతి కాదు. 1963లో అమెరికాలోని ఎంఐటీలో ఐవాన్ సదర్లాండ్ తన స్కెచ్‌ప్యాడ్ ప్రోగ్రామ్‌లో కాంతి పెన్నును తెరకే ఆనించి గీతలు గీశాడు. మరుసటి ఏడాది ర్యాండ్ సంస్థ మరో పద్ధతి చూపించింది. పలక బల్ల మీద ఉంటుంది, చెయ్యి దాని మీద కదులుతుంది, కళ్లు మాత్రం ఎదురుగా ఉన్న తెరను చూస్తాయి. తెర మీదే గీయడమా, పలక మీద గీస్తూ తెరను చూడడమా అన్న తేడా అప్పుడే మొదలైంది. ఇప్పుడు మార్కెట్లో ఉన్న ప్రతి పరికరమూ ఈ రెండింటిలో ఏదో ఒక దారిలోదే.

1983లో జపాన్‌లో మొదలైన వాకామ్ కంపెనీ, తీగ లేని, బ్యాటరీ అక్కర్లేని పెన్నుతో బొమ్మలవాళ్లకు దగ్గరైంది. 2001లో సింటిక్ పేరుతో, తెర మీదే గీసే పరికరాన్ని తెచ్చింది. యానిమేషన్ స్టూడియోల్లో ఈ పేర్లు ఇంటి పేర్లలా స్థిరపడిపోయాయి. 2010లో ఐప్యాడ్ వచ్చినప్పుడు దానికి పెన్ను లేదు. 2011లో శాంసంగ్ గెలాక్సీ నోట్ ఫోనుతో పాటు ఎస్ పెన్‌ను ఇచ్చింది. ఆపిల్ పెన్సిల్ 2015 నవంబరులో ఐప్యాడ్ ప్రోతో వచ్చింది. ఆ తర్వాతే, భుజాన సంచి వేసుకుని ఎక్కడ కూర్చుంటే అక్కడ గీయగల పరికరం మామూలు చిత్రకారుడి చేతికి అందింది. హ్యూయాన్, ఎక్స్‌పీ-పెన్ వంటి కంపెనీలు బ్యాటరీ లేని పెన్నులనే తక్కువ ధరకు ఇవ్వడంతో విద్యార్థులకూ ఈ దారి తెరుచుకుంది.

నాలుగు రకాలు

మొదటిది తెర లేని పలక, వాడుకలో పెన్ ట్యాబ్లెట్. కంప్యూటరుకు తగిలించి వాడాలి. చెయ్యి ఒక చోట, చూపు ఒక చోట ఉంటాయి కాబట్టి మొదట్లో గీత ఎటో పోతుంది. రోజూ గంట గీస్తే రెండు మూడు వారాల్లో అలవాటవుతుంది. మెడ వంచకుండా నిటారుగా కూర్చుని పనిచేయడం దీనితోనే సాధ్యం. చెయ్యి బొమ్మకు అడ్డం రాదు. ఈ రకం పలకలు చాలావరకు ఓటీజీ తీగతో ఆండ్రాయిడ్ ఫోనుకు కూడా తగులుతాయి. కంప్యూటరు లేని ఇంట్లో పిల్లలకు ఇది మంచి ప్రారంభం. ఫోనును నిలువుగా పెడితే కొన్ని పలకల్లో కొద్ది భాగమే పనిచేస్తుందని మాత్రం తెలుసుకుని కొనాలి.

రెండోది తెర ఉన్న పలక, అంటే పెన్ డిస్‌ప్లే. సింటిక్, హ్యూయాన్ కామ్వాస్, ఎక్స్‌పీ-పెన్ ఆర్టిస్ట్ వరసలు ఈ కోవలోవి. గీసిన చోటే గీత కనిపిస్తుంది, కానీ దీనికీ కంప్యూటరు కావాలి. తీగలు, స్టాండు, కరెంటు అన్నీ ఒకచోట అమర్చుకోవాలి. ఇంట్లో శాశ్వతంగా ఒక బల్ల కేటాయించగలిగినవారికి ఇది బాగుంటుంది.

మూడోది కంప్యూటరు అక్కర్లేని ట్యాబ్. ఐప్యాడ్, గెలాక్సీ ట్యాబ్ ఎస్ వరస, ఇతర ఆండ్రాయిడ్ ట్యాబ్‌లు ఈ రకం. నాలుగోది సర్ఫేస్ వంటి విండోస్ ట్యాబ్. కంప్యూటరులో నడిచే పూర్తి సాఫ్ట్‌వేర్ ఇందులోనూ నడుస్తుంది. దానికి తగ్గట్టే ధర, బరువు, వేడి కూడా ఎక్కువ. బొమ్మలతో పాటు ఆఫీసు పనులూ చేసుకోవాల్సినవారు దీన్ని పరిశీలించవచ్చు.

పెన్ను లోపల జరిగేది

బ్యాటరీ లేని పెన్ను ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఎంపిక సగం తేలికవుతుంది. పలక అడుగున సన్నని తీగల అల్లిక ఉంటుంది. అది క్షణక్షణం విద్యుదయస్కాంత తరంగాన్ని వదులుతుంది. పెన్నులో ఉన్న తీగచుట్ట ఆ శక్తిని అందుకుని తిరిగి స్పందిస్తుంది. అల్లికలో ఏ తీగల దగ్గర స్పందన బలంగా ఉందో చూసి పలక పెన్ను చోటును లెక్కగడుతుంది. మొనను నొక్కితే స్పందన తీరు కొద్దిగా మారుతుంది, ఆ మార్పే ఒత్తిడి కొలత. దీన్ని ఈఎంఆర్ పద్ధతి అంటారు. వాకామ్, శాంసంగ్ ఎస్ పెన్, హ్యూయాన్, ఎక్స్‌పీ-పెన్ ఈ దారిలోనివే. గీయడానికి ఛార్జింగ్ అక్కర్లేకపోవడం దీని గొప్ప లాభం. అయస్కాంతం దగ్గరకొస్తే గీత పక్కకు జరగడం దీని బలహీనత. అయస్కాంతపు మూత ఉన్న కవర్లు వాడేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

రెండో పద్ధతిలో పెన్నులోనే బ్యాటరీ ఉంటుంది. మొన నుంచి వెలువడే సంకేతాన్ని వేలి స్పర్శను పట్టే తెరే అందుకుంటుంది. ఆపిల్ పెన్సిల్, సర్ఫేస్ పెన్, వన్‌ప్లస్, షావోమీ ట్యాబ్‌ల పెన్నులు ఈ రకం. తెర కింద వేరే అల్లిక అక్కర్లేదు కాబట్టి పరికరం పలచగా వస్తుంది. అయితే పెన్నును నెలల తరబడి ఛార్జింగ్ లేకుండా వదిలేస్తే దాని బ్యాటరీ తిరిగి కోలుకోకపోవచ్చు. వాడకపోయినా అప్పుడప్పుడూ ఛార్జి చేస్తుండాలి.

మూడో రకం రబ్బరు మొన పెన్ను. ఇది వేలికి బదులు మాత్రమే, ఒత్తిడి సంగతి దీనికి తెలియదు. "అన్ని ట్యాబ్‌లకూ పనిచేస్తుంది" అని రాసి అమ్మే పెన్నుల్లో ఎక్కువ భాగం ఇవే. ఐప్యాడ్‌కు సరిపోతాయని తక్కువ ధరకు దొరికే ఇతర కంపెనీల పెన్నుల్లో చాలావాటికి వాలు, అంటే పెన్నును ఎంత వంచి పట్టామో, తెలుస్తుంది, అరచేతిని ఆనించినా గీతలు పడవు, కానీ ఒత్తిడి తెలియదు. ఆపిల్ సొంతంగా 2023లో తెచ్చిన యూఎస్‌బీ-సీ పెన్సిల్‌కు కూడా ఒత్తిడి తెలియదు. నోట్సు రాసుకోవడానికి అది మంచిదే. బొమ్మల కోసం కొంటే చిత్రకారుడికి అన్నిటికన్నా ముఖ్యమైనదే లేకుండా పోతుంది. పేరు ఒకటే, డబ్బా రంగు ఒకటే కావడం వల్ల ఎంతోమంది ఇక్కడే పొరబడుతున్నారు. అలాగే గెలాక్సీ ట్యాబ్ అన్న పేరున్న ప్రతిదానికీ ఎస్ పెన్ పనిచేయదు. ట్యాబ్ ఏ9 వంటివాటిలో ఆ అల్లికే లేదు.

అంకెలు చెప్పేవి, చెప్పనివి

డబ్బా మీద పెద్ద అక్షరాలతో కనిపించేది ఒత్తిడి స్థాయిల సంఖ్య. 2048, 4096, 8192 అని పెరుగుతూ ఇప్పుడు 16,384 దాకా వచ్చింది. ఒక్కసారి ఆలోచిద్దాం. అచ్చు పుస్తకం కోసం గీసే మామూలు గీత ఒకటి నుంచి నలభై పిక్సెళ్ల లావు మధ్య ఉంటుంది. ఆ కాస్త మేరకు రెండువేల మెట్లున్నా పదహారువేల మెట్లున్నా కంటికి కనిపించే తేడా దాదాపు ఉండదు. ఆపిల్ తన పెన్సిల్‌కు ఈ సంఖ్యనే ప్రకటించదు. అయినా దానితో గీసే వృత్తి చిత్రకారులు లెక్కలేనంతమంది.

నిజంగా చూడాల్సిన అంకె వేరే ఉంది. మొనను ఎంత తేలిగ్గా తాకిస్తే గీత మొదలవుతుందన్నది. దీన్ని గ్రాముల్లో చెబుతారు. మూడు గ్రాములు, అంతకన్నా తక్కువ అయితే కనురెప్ప వెంట్రుకను కూడా నమ్మకంగా గీయవచ్చు. ఇది ఎక్కువైతే చెయ్యి ప్రతి గీతకూ బలం పెట్టాల్సి వస్తుంది, సాయంత్రానికి మణికట్టు నొప్పి పెడుతుంది. ఈ అంకెను కొన్ని కంపెనీలు చెబుతాయి, కొన్ని చెప్పవు. చెప్పనిచోట చేతితో పరీక్షించడం తప్ప దారి లేదు.

ఆలస్యం గురించి కూడా కొంత తెలియాలి. 60 హెర్ట్జ్ తెర దాదాపు 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి బొమ్మను మారుస్తుంది, 120 హెర్ట్జ్ తెర 8.3 మిల్లీసెకన్లకు. మొనకూ గీతకూ మధ్య దూరం తగ్గడంలో ఇది కనిపిస్తుంది. వేగంగా స్కెచ్ వేసేవాళ్లకు 120 హెర్ట్జ్ హాయిగా ఉంటుంది. నెమ్మదిగా రంగులు నింపేవాళ్లకు అది తప్పనిసరి కాదు. 2019లో ఆపిల్ కేవలం సాఫ్ట్‌వేర్ మార్పుతో పెన్సిల్ ఆలస్యాన్ని 20 నుంచి 9 మిల్లీసెకన్లకు తగ్గించింది. అంటే ఆలస్యాన్ని తేల్చడంలో తెరతో పాటు ప్రోగ్రాముకూ వాటా ఉంది.

వాలును గుర్తించడం పెన్సిల్ షేడింగు ఇష్టపడేవాళ్లకు ఉపయోగం. గీతనే నమ్ముకున్నవాళ్లకు అంతగా అక్కర్లేదు. ఇక్కడ మన బొమ్మల నుంచే ఒక కొలత తీసుకోవచ్చు. బాపు బొమ్మలో గీత సన్నగా మొదలై, ఒంపు దగ్గర లావెక్కి, మళ్లీ సన్నబడి మాయమవుతుంది. ఆ తోవలో నడవాలనుకునేవాళ్లకు ఒత్తిడిని లావుగా మార్చే పెన్ను కావాలి. వడ్డాది పాపయ్య బొమ్మల్లో రంగు మీద రంగు పలచగా పరుచుకుంటుంది. ఆ తోవవాళ్లకు ఒత్తిడిని రంగు చిక్కదనంగా మార్చే బ్రష్షులూ రంగులను నిజాయతీగా చూపే తెరా కావాలి. మీరు ఎవరి బొమ్మలు చూసి గీయడం మొదలుపెట్టారో గుర్తు చేసుకుంటే మీకు ఏ గుణం ముఖ్యమో తేలిపోతుంది.

దుకాణంలో ఐదు నిమిషాలు

కొనేముందు దుకాణంలోనో స్నేహితుల దగ్గరో ఐదు నిమిషాలు గీసి చూడండి. ఒక స్కేలు పెట్టి, మూల నుంచి మూలకు చాలా నెమ్మదిగా గీత గీయండి. కొన్ని పెన్నుల గీత అలలా వణుకుతుంది. వేగంగా గీస్తే ఈ లోపం దాక్కుంటుంది, నెమ్మదిగా గీస్తేనే బయటపడుతుంది. తర్వాత మొనను తాకీతాకనట్టు పక్కపక్కనే ఇరవై గీతలు గీయండి. మధ్యలో ఒక్కటి పడకపోయినా ఆలోచించాల్సిందే. తెర నాలుగు అంచులకూ వెళ్లి చుక్కలు పెట్టండి, మొన ఉన్నచోటే చుక్క పడాలి. అరచేతిని పూర్తిగా ఆనించి గుండ్రాలు చుట్టండి, చేతి కింద అనవసరపు మచ్చలు పడకూడదు. ఎడమచేతి వాటం పిల్లలైతే ఈ పరీక్షలన్నీ ఎడమచేత్తోనే చేయించండి. చివరగా తెర మీద ఒక బ్రష్షుతో మీ పేరు తెలుగులో రాయండి. మన అక్షరాల్లో ఉన్నన్ని ఒంపులు ఏ పెన్ను గుణాన్నయినా నిమిషంలో బయటపెడతాయి.

తెర, పలక కొలతలు

తెర లేని పలకలో పరిమాణం కీలకం. ఆరంగుళాల వెడల్పున్న చిన్న పలకను 24 అంగుళాల మానిటరుకు తగిలిస్తే, చెయ్యి ఒక అంగుళం కదిలితే తెర మీద గీత మూడున్నర అంగుళాలు పరుగెడుతుంది. చిన్న వణుకు పెద్దదై కనిపిస్తుంది. డబ్బు కుదిరితే ఎనిమిది నుంచి పదంగుళాల వెడల్పున్న మధ్యరకం తీసుకోవడం మంచిది. అలాగే పలక నిష్పత్తీ మానిటరు నిష్పత్తీ కలవకపోతే గుండ్రంగా గీసింది కోలగా వస్తుంది. డ్రైవరు సెట్టింగుల్లో నిష్పత్తిని సరిచేసుకునే ఏర్పాటు ఉంటుంది. కొత్తగా కొన్నవాళ్లు మొదట చేయాల్సిన పని ఇదే.

తెర ఉన్నవాటిలో గాజుకూ లోపలి తెరకూ మధ్య ఖాళీ ఉందా లేదా అన్నది చూడాలి. ఖాళీ ఉంటే మొన ఒకచోట, గీత వెంట్రుకవాసి పక్కన కనిపిస్తుంది. రెంటినీ కలిపి అతికించిన తెరను లామినేటెడ్ అంటారు. ఐప్యాడ్ ఎయిర్, ప్రోలలో అది ఉంది, మామూలు ఐప్యాడ్‌లో లేదు. గీయలేనంత ఇబ్బందేమీ కాదు, చెయ్యి అలవాటు పడుతుంది. కానీ తల వంచి సన్నపని చేసేవాళ్లు తేడాను గమనిస్తారు.

నున్నని గాజు మీద పెన్ను జారిపోతోందని కాగితం లాంటి పొర అతికించుకుంటారు. చేతికి పట్టు దొరుకుతుంది. బదులుగా మొన త్వరగా అరుగుతుంది, తెర మెరుపు కాస్త మసకబారుతుంది. పొర వేసినా వేయకపోయినా మొనలు అరిగేవే. కాబట్టి విడి మొనలు మన ఊళ్లో దొరుకుతాయో లేదో ముందే కనుక్కోవాలి. అరిగి పదునెక్కిన మొనతో గీస్తే గాజు మీద గీతలు పడతాయి.

సాఫ్ట్‌వేరే అసలు చుట్టరికం

పరికరాన్ని నాలుగైదేళ్లకు మారుస్తాం. సాఫ్ట్‌వేర్ అలవాటు మాత్రం జీవితాంతం వెంట వస్తుంది. అందుకే పెన్ను తర్వాత నేను దీన్నే చూడమంటాను. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో తయారైన ప్రొక్రియేట్ 2011 నుంచి ఐప్యాడ్‌కే పరిమితం. ఒక్కసారి కొంటే చాలు, నెలనెలా కట్టక్కర్లేదు. చాలామంది ఐప్యాడ్ కొనేది దీని కోసమే. జపాన్ వాళ్ల క్లిప్ స్టూడియో పెయింట్ కామిక్స్ గీసేవాళ్లకు పెద్ద దిక్కు. గడులు, మాటల బుడగలు, పేజీల వరస అన్నీ అందులో ఉంటాయి. కంప్యూటరు కోసం ఒకేసారి కొనుక్కోవచ్చు, ట్యాబ్‌ల మీద చందా కట్టాలి.

డబ్బు లేనివాళ్లకు కృతా ఉంది. ఇది పూర్తిగా ఉచితం, ఎవరైనా మెరుగుపరచగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది, ఆండ్రాయిడ్ ట్యాబ్‌లకూ వచ్చింది. గీసిన బొమ్మను అన్ని వైపులా అతుకు కనిపించకుండా పునరావృతం చేసే సౌకర్యం ఇందులో ఉంది. చీర అంచులు, జాకెట్ డిజైన్లు, అద్దకం నమూనాలు వేసేవాళ్లకు అది పెద్ద వరం. ఒకపక్క గీస్తే రెండోపక్క అద్దంలోలా తానే గీసే సౌష్టవ సాధనంతో ముగ్గులు వేసి చూడండి, పిల్లలకు మంచి ఆటగా ఉంటుంది. ఐబిస్ పెయింట్, స్కెచ్‌బుక్, 2024 చివరి నుంచి ఉచితమైన అడోబీ ఫ్రెస్కో కూడా నేర్చుకోవడానికి సరిపోతాయి.

లేయర్ల, అంటే బొమ్మలో ఒకదాని మీద ఒకటి పరిచే పొరల, లెక్క ఇక్కడే తెలుసుకోవాలి. ఏ4 పేజీని అచ్చుకు తగ్గట్టు 300 డీపీఐలో తెరిస్తే 2480 అడ్డం, 3508 నిలువు పిక్సెళ్లు. ఒక్క నిండు లేయరుకు దాదాపు 35 మెగాబైట్ల మెమరీ కావాలి. ముప్పై లేయర్లయితే గిగాబైటు దాటుతుంది. 600 డీపీఐకి వెళితే అంతా నాలుగింతలు. అందుకే 4 జీబీ ర్యామ్ ఉన్న ట్యాబ్ పెద్ద పోస్టర్ల దగ్గర ఆయాసపడుతుంది. ప్రొక్రియేట్ కాన్వాస్ పెరిగేకొద్దీ లేయర్ల పరిమితిని తగ్గిస్తుంది. పుస్తకాలకు గీసేవాళ్లు 8 జీబీ చూసుకోవడం మేలు. నేర్చుకునేవాళ్లకు 4 జీబీ చాలు.

తెలుగు అక్షరం కుదురుతుందా?

ఇతర భాషల సమీక్షల్లో సాధారణంగా కనిపించని ప్రశ్న ఇది, మనం తప్పక అడగాల్సింది కూడా. కార్టూను, కామిక్, పిల్లల కథ గీసేవాళ్లకు బొమ్మలో తెలుగు మాటలు కూడా రాయాల్సి వస్తుంది. కొన్ని బొమ్మల సాఫ్ట్‌వేర్లలో తెలుగు టైపు చేస్తే ఒత్తులు పక్కకు జారిపోతాయి, గుణింతాలు విడివిడిగా కూర్చుంటాయి. కొనే ముందు ఆ యాప్‌లో 'స్త్రీ', 'రాష్ట్రం', 'జ్ఞానం' అని మూడు మాటలు టైపు చేసి చూడండి. మూడూ సరిగా వస్తే నమ్మవచ్చు. ఫొటోషాప్‌లో భారతీయ భాషలకు తగ్గ పేరా అమరికను విడిగా ఎంచుకోవాలి. అది తెలియక ఒత్తులు చెదిరాయని చాలామంది దిగులు పడుతుంటారు. మల్లన్న, మండలి, రామభద్ర, తెనాలి రామకృష్ణ వంటి మంచి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి.

వీటన్నిటికన్నా నాకు ఇష్టమైనది చేత్తో రాయడం. స్టైలస్ ఉన్నదే దాని కోసం. మన పాత పత్రికల్లో చాలా శీర్షికలు చిత్రకారులే కుంచెతో రాసేవారు. మళ్లీ ఆ అలవాటును తెచ్చుకోవడానికి ఈ పలకే మంచి సాధనం.

అచ్చుకు వెళ్లే బొమ్మల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. తెర మీద వెలిగే నియాన్ ఆకుపచ్చ, చిక్కటి నీలం కాగితం మీద వెలవెలబోతాయి. తెర వెలుతురుతో రంగు చూపిస్తుంది, అచ్చు నాలుగు సిరాలతో చూపిస్తుంది. ఆ నాలుగు సిరాల సీఎంవైకే పద్ధతిలో కాన్వాస్ తెరవగల ప్రొక్రియేట్, కృతా వంటివి పుస్తక చిత్రకారులకు అందుకే ఉపయోగం. తెర వెలుతురును మధ్యస్థంగా పెట్టుకుని, కళ్లకు హాయినిచ్చే రాత్రి మోడ్‌ను ఆపేసి రంగులు వేయండి.

ఖర్చు, ఆయుష్షు

తెర లేని పలకలు మూడు నుంచి ఎనిమిది వేల రూపాయల్లో మంచివి దొరుకుతాయి. తెర ఉన్న పలకల్లో మొదటి మెట్టు దాదాపు ఇరవై వేల దగ్గర ఉంది, స్టూడియోల్లో వాడే పెద్దవి లక్ష దాటుతాయి. గెలాక్సీ ట్యాబ్ ఎస్6 లైట్, ఎస్ వరసలోని ఎఫ్ఈ మోడళ్లలో ఎస్ పెన్ డబ్బాలోనే వస్తుంది, విడిగా కొనక్కర్లేదు. 2025 మార్చిలో మామూలు ఐప్యాడ్ 34,900 రూపాయలకు విడుదలైంది. దానికి ఒత్తిడి తెలిసే మొదటి తరం పెన్సిల్ కావాలంటే మరో పదివేల దాకా అయ్యేది, దానితో పాటు అడాప్టరు. అంటే దాదాపు 45 వేలు. ఐప్యాడ్ ఎయిర్ అయితే అప్పట్లో 59,900, పెన్సిల్ ప్రో 11,900. ధరలు మారుతుంటాయి. పెన్నును కలిపి లెక్కవేయడం మాత్రం మరవకండి.

ధరతో పాటు ఎన్నేళ్లు పనిచేస్తుందో కూడా లెక్కలోకి తీసుకోవాలి. పన్నెండేళ్ల కిందట నేను కొన్న తెరలేని పలక ఇవాళ్టికీ పనిచేస్తోంది. మొనలు మార్చాను, తీగ ఒకసారి మార్చాను, అంతే. మధ్యలో కొన్న ఒక ట్యాబ్ నాలుగో ఏట బ్యాటరీ ఉబ్బి మూలన పడింది. దాని మరమ్మతు ధర విన్నాక కొత్తది కొనక తప్పలేదు. తెర లేని పలకలో పాతబడే భాగాలు తక్కువ, తీగతో నడిచేదానిలో బ్యాటరీ కూడా ఉండదు. ట్యాబ్‌లో అన్నీ ఒకే గాజు పెట్టెలో అతికించి ఉంటాయి, ఒకటి పోతే అన్నీ పోయినట్టే. సెకండ్ హ్యాండ్ పరికరం కొనేవాళ్లు ఈ కారణంతోనే పెన్ ట్యాబ్లెట్‌ను ధైర్యంగా కొనవచ్చు. ట్యాబ్ అయితే బ్యాటరీని, తెర అంచులను, పెన్ను ఒత్తిడిని పరీక్షించాకే డబ్బు చేతికివ్వాలి.

ఎవరికి ఏది

స్కూలు పిల్లలకు, ఇంకా రుచి చూస్తున్నవాళ్లకు: ఇంట్లో కంప్యూటరు ఉంటే మధ్యరకం తెరలేని పలక, కృతా. మొత్తం ఖర్చు ఎనిమిది వేలు దాటదు. కంప్యూటరు లేకపోతే అదే పలకను ఫోనుకు తగిలించి ఐబిస్ పెయింట్‌తో మొదలుపెట్టవచ్చు. మొదటి ఏడాదికి ఇంతకన్నా ఎక్కువ ఖర్చు అవసరం లేదు.

పత్రికలకు, పుస్తకాలకు గీసేవాళ్లకు: తరచు ప్రయాణాలుంటే పెన్సిల్ ప్రోతో ఐప్యాడ్ ఎయిర్ నా మొదటి ఎంపిక. గీత నాణ్యత, ప్రొక్రియేట్, తేలిక బరువు మూడూ ఒకచోట కుదిరాయి. అంత పెట్టలేనివాళ్లకు ఎస్ పెన్‌తో వచ్చే గెలాక్సీ ట్యాబ్ ఎఫ్ఈ మోడళ్లు న్యాయమైన ఎంపిక.

హైదరాబాద్‌లో ఛోటా భీమ్‌ను తీర్చిదిద్దిన గ్రీన్ గోల్డ్ వంటి యానిమేషన్ సంస్థల్లో చేరాలనుకునేవాళ్లకు: కంప్యూటరుతో పెన్ డిస్‌ప్లే. స్టూడియోల్లో కంప్యూటరు సాఫ్ట్‌వేరే నడుస్తుంది కాబట్టి చెయ్యి ముందునుంచే దానికి అలవాటు పడాలి. పదహారు అంగుళాల తెర సరిపోతుంది.

చీరల డిజైన్లు, మెహెందీ, ముగ్గులు, కలంకారీ నమూనాలు వేసే ఇంటి చిత్రకారిణులకు: పది పదకొండు అంగుళాల ట్యాబ్, ఒత్తిడి తెలిసే పెన్ను, సౌష్టవ సాధనం ఉన్న యాప్. వంటిల్లు, పిల్లల చదువు మధ్య దొరికే అరగంటల్లో ఒళ్లో పెట్టుకుని గీయగలిగేది ట్యాబ్ ఒక్కటే.

రోజుకు ఆరేడు గంటలు గీసేవాళ్లెవరైనా మెడను కాపాడుకోవాలి. తెరను ఏటవాలుగా నిలబెట్టే స్టాండు కొనండి. గంటకోసారి లేచి నడవండి. అరచేయి చెమటకు రెండు వేళ్ల గ్లవ్ వాడండి. వీటికి పెట్టే వెయ్యి రూపాయలు ఖరీదైన మోడల్‌కు పెట్టే పదివేల కన్నా ఎక్కువ మేలు చేస్తాయి.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్ల బొమ్మలు బాగా గీస్తోందని వాయిదాల మీద ఖరీదైన ట్యాబ్ కొనకండి. ముందు కాగితం, పెన్సిల్, ఆ తర్వాత ఒక చిన్న పలక ఇవ్వండి. ఆరు నెలల పాటు రోజూ తానే తెరిచి గీస్తూ ఉంటే అప్పుడు పెద్దదాని గురించి ఆలోచించండి. కొనేరోజు పిల్లను దుకాణానికి తీసుకెళ్లి, పెన్ను తన చేతికే ఇవ్వండి. నెమ్మదిగా ఒక గీత గీయనివ్వండి. ఆ గీత తాను అనుకున్నట్టు పడితే ఆ పలకనే కొనండి.